నా సంతకం ఆమె ఫోన్లో

నేను రిటైరైన రోజున తెనాలి ఆఫీసులో చిన్న సభ జరిగింది. మాట్లాడిన వాళ్లందరూ నన్ను ఒకే మాటతో పొగిడారు, ఎవరి ఉసురూ పోసుకోని మనిషి అని. శాలువా కప్పించుకుని, మెడలో బంతిపూల దండ గుచ్చుకుంటుంటే నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఆ మాట అబద్ధమని తెలిసినవాళ్లు ఆ గదిలో ఇద్దరున్నారు. ఒకణ్ణి నేను. రెండోవాడు మా అటెండరు. అతను వెనక వరసలో మిక్చరు పొట్లాలు పంచుతూ, నా వంక చూడకుండా తన పని తాను చేసుకుపోయాడు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. ఇందులో మీకు తెలియని సాంకేతిక విషయం ఒక్కటీ ఉండదు. ఒక అమ్మాయి ఉద్యోగం ఎలా పోయిందో ఉంటుంది. పోగొట్టింది నేను.

మాది వరి విత్తనాలు మొలకెత్తుతాయో లేదో పరీక్షించి చెప్పే చిన్న కార్యాలయం. ఏ శాఖ కిందిదో, ఏ వీధిలో ఉండేదో చెప్పను. గోదాముల నుంచి వచ్చిన నమూనాల్లోంచి గింజలు లెక్కపెట్టి, తడి కాగితాల్లో చుట్టి, మొలకల పెట్టెలో పెడతారు. రెండు వారాల తర్వాత విప్పి చూస్తారు. బాగా మొలిస్తే ఆ లాటును, అంటే ఆ నమూనా తీసిన బస్తాలన్నిటినీ, రైతుకు అమ్మవచ్చు. మొలవకపోతే అది గోదాము గుమ్మం దాటకూడదు. పరీక్ష చేసినవాళ్లు ఫలితాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తారు. అధికారి తన ఖాతాలోంచి దాన్ని ఆమోదిస్తాడు. ఆ అధికారిని నేను. తెనాలి నా అసలు పోస్టు. బాపట్ల, రేపల్లె విభాగాలు అదనపు బాధ్యత. వారంలో సగం రోజులు రైళ్లలోనే గడిచేవి.

పరీక్షలు చేసే అమ్మాయిది కాంట్రాక్టు ఉద్యోగం. రేపల్లె నుంచి పొద్దున బండికి వచ్చి సాయంత్రం బండికి వెళ్లిపోయేది. భర్త ఆటో నడిపేవాడు. బడికెళ్లే కూతురుంది. ఏటేటా పొడిగించే కాగితం మీద ఏళ్ల తరబడి పనిచేస్తూ, ఎప్పటికైనా పర్మినెంటు చేస్తారని ఎదురుచూసేది. ఆ యేడు ఆ మాట గట్టిగానే వినబడుతోంది. పాతవాళ్ల పేర్లు పంపమని పైనుంచి అడిగారు, ఆమె పేరు నేనే పంపాను. ఆఫీసులో నన్ను సార్ అనేది, రైల్లో కనబడితే బాబాయ్ గారూ అనేది. వాళ్లమ్మ పుట్టిల్లు మా ఊరికి పక్క ఊరు.

అలాంటి రోజుల్లో మమ్మల్నందరినీ బాపట్లలో ఒక శిక్షణకు పిలిచారు. ఇక నుంచి ఆఫీసు ఖాతాలోకి వెళ్లడానికి పాస్‌వర్డు ఒక్కటే చాలదు. ప్రతి అధికారీ తన ఫోన్లో ఒక యాప్ పెట్టుకుని, దాన్ని ఖాతాతో ముడిపెట్టుకోవాలి. లాగిన్ అయిన ప్రతిసారీ ఆ యాప్ చూపించే అంకెలు కొట్టాలి. అవి అర నిమిషానికోసారి మారిపోతుంటాయి. చెప్పడానికి వచ్చిన కుర్రాడు ఓపికమంతుడు. వినడానికి వచ్చిన మేమే బడిపిల్లల కంటే అధ్వాన్నం.

"బాబూ, మా ఆవిడ ఫోన్లో పెడితే పర్లేదా? నా ఫోన్ గాజు పగిలింది" అన్నాడొక అధికారి.

"అప్పుడు సంతకం మీ ఆవిడది అవుద్దండి."

"ఇప్పుడు మాత్రం ఎవరిదంటావ్? ఇంట్లో చెక్కుల మీద కూడా ఆవిడదే" అన్నాడు పక్కాయన. హాలంతా నవ్వింది.

ఆ కుర్రాడు కూడా నవ్వి, నవ్వు ఆగాక మళ్లీ చెప్పాడు. "సార్, నవ్వులాట కాదండి. ఇది మీ వేలిముద్ర లాంటిది. ఎవరి ఫోన్లో ఉంటే పని వాళ్లు చేసినట్టే లెక్క. తర్వాత 'నేను చేయలేదు' అంటే కుదరదు."

నేను రెండో వరసలో కూర్చున్నాను. ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే తర్వాత విచారణలో నేను వినలేదన్నాను.

టీ విరామంలో వరండాలో ఇంకో మాట వినబడింది. ఈ యాప్ పెట్టుకుంటే మనం ఏ పూట ఎక్కడున్నామో పైవాళ్లకు తెలిసిపోతుందట. ఎవరన్నారో, వాళ్లకెవరు చెప్పారో తెలియదు. ఆ కుర్రాడు పది అడుగుల దూరంలో బిస్కట్ తింటున్నాడు. వెళ్లి అడిగితే సరిపోయేది. అడిగితే నేనెందుకు అడుగుతున్నానో తెలిసిపోతుందని అడగలేదు.

నా భయానికి కారణం పిట్టలవానిపాలెం. అక్కడ మాకు తాతల నాటి మాగాణి ఉంది. కౌలుకిస్తే నాన్న ఆత్మ క్షోభిస్తుందని పైకి చెప్పేవాణ్ణి. నిజానికి చేలో నిలబడి పదిమందికి పని చెప్పడమంటే నాకు ఇష్టం. దమ్ము రోజుల్లోనూ నాట్లప్పుడూ కోతలప్పుడూ, బాపట్ల టూరనో రేపల్లె టూరనో డైరీలో రాసి గట్టు మీద గొడుగేసుకుని ఉండేవాణ్ణి. మా ఆఫీసులో ఇలాంటిది పెద్ద తప్పుగా ఎవరూ అనుకునేవారు కాదు. పొలం ఉన్నవాళ్లం అందరం అంతే. ఒకరి సంగతి ఒకరికి తెలుసు, ఎవరూ ఎత్తరు.

మర్నాడు తెనాలిలో ఆ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని, నేను ఎప్పుడో చెప్పి ఉంచిన పాస్‌వర్డుతో నా ఖాతాలోకి వెళ్లి, యాప్ కలిపే పేజీ తెరిచింది.

"సార్, మీ ఫోన్ ఇట్టా ఇవ్వండి. తెర మీద ఈ గళ్ల బొమ్మ ఉందిగా, దాన్ని కెమెరాకి చూపిస్తే అయిపోద్ది."

"నా ఫోన్లో చోటు లేదమ్మా. నీ దాంట్లో పెట్టు."

"నా ఫోన్లోనా?" ఆమె వెనక్కి తిరిగి చూసింది. "మీ ఫోన్లోనే పెట్టాలన్నారంట కదండి. ఫొటోలు కాసిని తీసేద్దాం, చోటదే వస్తది. నేను తీస్తాగా."

"వద్దులే. నేను రైల్లో ఉంటా, సిగ్నల్ ఉండదు. నువ్వు ఊరికే ఆ అంకెల కోసం ఫోన్ చేస్తా కూర్చోవాలి."

"సిగ్నల్ లేకపోయినా అంకెలొస్తాయండి."

"అబ్బా, పెట్టమన్నాగా."

అంతకు మించి ఆమె వాదించలేదు. ఏటేటా పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టేవాడితో ఎవరు మాత్రం ఎంతసేపు వాదిస్తారు? పేజీ ఫోన్ నంబరు అడిగితే ఆమెదే ఇచ్చాం. ఆమె ఫోన్ తెర మీద కూతురు రెండు జడలేసుకుని నవ్వుతున్న ఫొటో ఉంది. ఆ పిల్ల బుగ్గ మీద కొత్తగా ఒక చిన్న యాప్ గుర్తు వచ్చి కూర్చుంది. దాన్ని నొక్కితే లోపల నా హోదా, దాని కింద మారిపోయే అంకెలు.

టీ తెచ్చిన అటెండరు అంతా చూసి, "మా పెదనాన్న ఒకాయన ఇనప్పెట్టె కొని తాళంచెవి పక్కింటోళ్లకిచ్చాడంట సార్, తన దగ్గరుంటే పోద్దని" అన్నాడు.

"ఏమైంది పెట్టెకి?"

"పెట్టెకేం కాలేదండి. పక్కింటోళ్లకే పోలీసులొచ్చారు."

ముగ్గురం నవ్వాం.

మొదట్లో ఆమె నా ఖాతాలోకి వెళ్లే ముందు ప్రతిసారీ ఫోన్ చేసేది. "సార్, మీ దాంట్లోకి వెళ్తున్నానండి" అని. రైల్లో కునుకు తీస్తుంటే ఒకసారి, చేలో కూలీలతో మాట్లాడుతుంటే ఒకసారి మోగింది. "ప్రతిదానికీ చెప్పాలా అమ్మాయ్, నీకు తెలీదా?" అని విసుక్కున్నాను. ఆ తర్వాత ఫోన్ చేయడం మానేసింది. నాకు హాయిగా ఉంది. సాయంత్రానికి ఫలితాలన్నీ నా పేరు మీద ఆమోదమై ఉండేవి. బాపట్లలో పైఅధికారి ఒకసారి, ఆలస్యం లేని ఆఫీసు మీదొక్కటే అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా నేనే తీసుకున్నాను.

కాలవలకు నీళ్లు వదిలిన తర్వాత, అందరూ నారుమళ్లు పోసుకునే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. మా చేలో ట్రాక్టరు దమ్ము చేస్తోంది. ఫోన్ చెవికి ఆనించుకుని గట్టు మీద దూరంగా నడిచాను.

"సార్, ఒక లాటు తేడాగా ఉందండి. కొన్ని కాగితాల్లో బాగా మొలిచినయ్. కొన్నిట్లో కుళ్లిపోయినయ్. మళ్లీ మొదట్నుంచీ పరీక్షకి పెట్టాలండి."

"మళ్లీ పెడితే ఇంకో రెండు వారాలు. సీజన్ అయిపోద్ది. ఆ గోదాము వాళ్లు నా ప్రాణం తీస్తన్నారు. కుళ్లినవి తడి ఎక్కువై ఉంటది, వాటిని వదిలెయ్. మొలిచిన వాటినే లెక్కలోకి తీసుకో."

"అట్టా తీసుకోకూడదు కదండి."

"నేను చెప్తన్నాగా."

"పోనీ మీరొచ్చి ఒకసారి చూసి ఆమోదించండి సార్. రేపటిదాకా ఆపుతాను."

"నేను రేపల్లెలో పనిలో ఉన్నానమ్మా. రేపు కూడా ఇక్కడే. నువ్వే కొట్టెయ్."

"రేపల్లెలో పెద్ద వానంటండి. ఇప్పుడే మా ఇంటి నుంచి ఫోన్ చేశారు" అంది. తర్వాత మెల్లగా, "తడవకండి సార్" అని పెట్టేసింది.

నేను ఎండలో నిలబడి ఉన్నాను. నా వెనక ట్రాక్టరు మోత ఆమెకు వినబడే ఉంటుంది. ఆమెకు నిజం తెలిసిందని నాకు తెలిసింది. సిగ్గుపడాల్సింది. నాకు కోపం వచ్చింది.

ఆ సాయంత్రం ఆ లాటు ఆమోదమైంది.

పదిహేను రోజులు తిరక్కముందే పెనుమూడి వైపు నుంచి రైతులొచ్చారు. ఒకాయన నారుమడిలోంచి తవ్విన మట్టిపెళ్లను ఇనప బేసిన్లో పెట్టుకుని తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. అక్కడక్కడా నాలుగు పోచలు, మిగతాదంతా బురద.

"చూడండి సార్, నారుమడి పోస్తే బట్టతల మొలిచింది. మీరు పాసు చేసిన విత్తనమేగా?"

"నీళ్లు ఎక్కువ పెట్టారేమో."

"మా తాతల కాణ్ణుంచీ పెడతన్నామండి నీళ్లు. మీకు తెలవని సంగతులా? మీరూ రైతుబిడ్డేగా."

మా చేలో నారు అప్పటికి ఒత్తుగా, పచ్చగా ఉంది. అది వేరే లాటు.

ఫిర్యాదు పైకి వెళ్లింది. బాపట్లలో విచారణ అన్నారు. ముందురోజు సాయంత్రం తెనాలి స్టేషన్‌లో రేపల్లె బండి కోసం ఆమె నిలబడి ఉంటే వెతుక్కుంటూ వెళ్లాను. ఆఫీసులో మాట్లాడితే అటెండరు వింటాడని.

"ఆ మధ్యాహ్నం నువ్వు నాకు ఫోన్ చేసిన సంగతి రేపు ఎత్తబాకమ్మా."

"ఎత్తకపోతే ఎట్టా బాబాయ్ గారూ? మీకు చెప్పకుండా చేశానంటారు. నా ఫోన్లో ఆ కాల్ ఉందండి, చూపిస్తాను."

"అదే వద్దంటన్నా. అది చూపిస్తే నేను ఆ పూట ఎక్కడున్నానో అడుగుతారు. నా ఉద్యోగం పోద్ది. నేను పోతే నీ తరఫున మాట్లాడేదెవరు? నేనంటూ ఉంటే ఆరునెల్లలో నిన్ను మళ్లీ తీసుకొస్తా. నీ పేరు పైకి పంపిందెవరు? నేను కాదా?"

"మళ్లీ తీసుకురావడమంటే..." ఆమె నా మొహంలోకి చూసింది. "అంటే తీసేస్తారని మీకు తెలుసా?"

బండి వచ్చింది. జనం తోసుకుంటున్నారు. "నీ సొంత బాబాయి అనుకో" అన్నాను. ఆ పిలుపును నేనై వాడుకున్నది ఆ ఒక్కసారే. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, బండి కదిలేదాకా అటువైపే చూసింది.

మర్నాడు విచారణ గదిలో పెద్దాయన ఒకరు, ఆయన పక్కన ల్యాప్‌టాప్‌తో శిక్షణలో చూసిన కుర్రాడు. కుర్రాడు నన్ను గుర్తుపట్టాడు.

"సార్, మీ ఖాతాకి ముడిపెట్టిన ఫోన్ మీది కాదు. మొదటి రోజు నుంచీ ఈ అమ్మాయి నంబరే ఉంది. మీకు తెలిసే పెట్టారా అండి? శిక్షణలో మరీ మరీ చెప్పాను."

నేను ముందుగా కట్టుకున్న అబద్ధం ఏదీ లేదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"నేను సరిగ్గా వినలేదు బాబూ. ఈ ఫోన్ల సంగతులు మా వయసు వాళ్లకేం తెలుస్తాయి? ఆ అమ్మాయే పెట్టింది. అంతా ఆమే చూసుకునేది."

ఆ అమ్మాయే పెట్టిందన్నది నిజం. అంతా ఆమే చూసుకునేదన్నదీ నిజం. నిజాలను అలా పేర్చి అబద్ధం చెప్పవచ్చునని నాకు ఆ రోజే తెలిసింది. అంతకంటే గట్టిగా నిలబడే అబద్ధం లేదు.

పెద్దాయన ఆమెను లోపలికి పిలిపించారు. "ఆ లాటు ఆమోదించమని మీ అధికారి మీకు చెప్పారా?"

ఆమె నా వంక చూసింది. ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. దాన్ని ఎత్తి చూపిస్తే చాలు. నేను బల్ల మీద ఉన్న నీళ్ల గ్లాసు వంక చూస్తూ ఉండిపోయాను. ఆమె ఎంతసేపు ఎదురుచూసిందో నాకు తెలియదు. నేను తలెత్తలేదు కాబట్టి.

"నేనే చేశానండి" అంది.

"ఎందుకు చేశావమ్మా?"

"సీజన్ అయిపోద్దనండి."

అది నా మాటే. నా మాటను కూడా తన నెత్తిన వేసుకుంది.

నాకు మందలింపు మెమో ఇచ్చారు. ఆమెను తీసేశారు. పర్మినెంటు చేయాల్సిన వాళ్ల జాబితాలోంచి పేరు కొట్టేసి, నమ్మకానికి తగదని రాశారు. ఆ రాత మీద పడ్డాక ఏ ఆఫీసులోనూ ఆమెకు ఉద్యోగం రాదు.

అదే వారం ఆ కుర్రాడు తెనాలి వచ్చి యాప్‌ను నా ఫోన్లో పెట్టాడు. టీ చల్లారేలోపే అయిపోయింది. ఇక దాచేదేముందని అప్పుడడిగాను. "దీంతో మేం ఎక్కడున్నామో మీకు తెలుస్తుందటగా?"

"ఎవరు చెప్పారండి? ఇది అంకెలు చూపించడానికే సార్. మీరు ఆఫీసులో ఉన్నారో పొలంలో ఉన్నారో దీనికేం తెలుసు?"

పొలం అన్నది అతను మాటవరసకే అన్నాడు. నేను మాత్రం ఆ పూట టీ తాగలేకపోయాను. లేని భయానికి నా చేతి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. ఉన్న తప్పును ఆమె మెడకు చుట్టాను.

ఆ తర్వాత ఆమె నాలుగైదుసార్లు ఫోన్ చేసింది. మొదట్లో "చూద్దాంలే అమ్మా, కాస్త వేడి తగ్గనీ" అన్నాను. తర్వాత ఎత్తడం మానేశాను. తర్వాత ఆమె చేయడం మానేసింది. పైవాళ్లతో ఆమె గురించి నేను ఒక్కసారి కూడా మాట్లాడలేదు. మాట్లాడబోతే ఆ మధ్యాహ్నం సంగతి మళ్లీ పైకి వస్తుందని. ఆరునెలలన్నది కాస్తా నా రిటైర్మెంటు దాకా సాగింది.

పెన్షన్ కాగితాలన్నీ చేతికి వచ్చి, మొదటి నెల సొమ్ము ఖాతాలో పడ్డాక జరిగింది జరిగినట్టు రాసి పైకి పంపాను. వరస గమనించారు కదా. ముందు పెన్షన్, తర్వాత పశ్చాత్తాపం. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. సదరు విషయం ముగిసిందనీ, నేను విశ్రాంత ఉద్యోగిని అయినందున నా మీద చర్యకు గానీ, పాత ఉత్తర్వు మార్చడానికి గానీ అవకాశం లేదనీ రెండు వాక్యాల్లో రాశారు.

ఆ కాగితం జేబులో పెట్టుకుని రేపల్లె వెళ్లాను. ఆమె బజార్లో ఒక బట్టల కొట్టులో పనిచేస్తోందని అటెండరు చెప్పాడు. తెల్లటి పరుపు మీద కూర్చుని ఎవరికో చీరలు మడత విప్పి చూపిస్తోంది. నన్ను చూసి ఒక్క క్షణం చెయ్యి ఆపింది.

"రండి. ఏం చూపించమంటారండి?" అంది, కొనడానికి వచ్చినవాళ్లను అడిగినట్టే.

పరుపు అంచున కూర్చున్నాను. నిజం రాసి పంపానని చెప్పాను. ఆమె చీర మడత పెడుతూ వింది.

"అయితే మీ పెన్షన్ ఆపేస్తారా అండి?" అని అడిగింది. గొంతులో నిజంగానే కంగారు ఉంది. అది నాకు కత్తిలా దిగింది.

"లేదమ్మా. నన్నేమీ చేయరంట."

"మరి నా పేరు మీద రాసిన మాట తీసేస్తారా?"

జేబులోంచి కాగితం తీయబోయి ఆగాను. "అదీ కుదరదంట."

ఆమె మడత పెట్టిన చీరను దొంతర మీద ఉంచి, అరచేత్తో సాపు చేసింది. "అంటే మీకేం పోదు, నాకేం రాదు" అంది. కోపంగా అనలేదు. "మరెందుకొచ్చారండి ఇంత ఎండలో?"

నా బరువు దించుకోవడానికి వచ్చానని ఆ కొట్టులో, ఆమె ముందు కూర్చున్నాకే తెలిసింది. ఇంతలో పసిపిల్లను చంకనేసుకుని ఒకావిడ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ, "కాస్త జరగండి బాబాయ్ గారూ" అంది.

జరిగాను.

"రండమ్మా, రండి" అంటూ ఆ అమ్మాయి ఆవిడ వైపు తిరిగింది. "పట్టు చూస్తారా, నేత చూస్తారా?"